అవతలి గది చలి

తాక్ సున్‌రే పిన్ని వల్ల నా చేయి దాటిపోయిన బేరాలు ఎన్నో లెక్క పెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. కొరియా కొండల్లోని జోంగ్‌సోన్ ఊరి సంతవీధిలో ఇరవై ఆరేళ్లుగా ఇళ్లూ పొలాలూ చూపించి బతుకుతున్న బ్రోకర్ని నేను. కొనేవాళ్లకి ఇల్లు నచ్చుతుంది, అమ్మేవాళ్లకి ధర నచ్చుతుంది, కాయితాలు నా సంచిలో సిద్ధంగా ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు, సున్‌రే గారికి ఒకసారి నేల చూపిద్దామా అంటారు. నేను సంచి మూసేసుకుంటాను.

నేల చూడడమంటే పొయ్యి చూడడమే. మా కొండల్లో పాత ఇళ్లకి ఆ రెండూ వేరు కాదు. వంటింట్లో ఇనప బాన కింద మంట పెడతాం. ఆ వేడీ, పొగా గది కింద పరిచిన బండల అడుగునుంచి కాలవల్లో పారి, చివర ఉన్న పొగగొట్టంలోంచి పైకి పోతాయి. బండల మీద మట్టి, మట్టి మీద నూనె పట్టించిన కాయితం, దాని మీద మనం. పొయ్యి బాగుంటే నడుము నొప్పి ఉన్నవాడు కూడా పొద్దున్నే లేచి కట్టెలు కొడతాడు. పొయ్యి పాడైతే ఆ ఇంట్లో అందరూ దగ్గుతుంటారు, ఎందుకో తెలియదు. ఇప్పుడు పట్నంలో అందరికీ గ్యాసు బాయిలర్లే. కానీ పట్నం వదిలి కొండెక్కే మనుషులు మాత్రం పాత పొయ్యి ఉన్న ఇల్లే కావాలంటారు. అలా సున్‌రే పిన్నికి ముసలితనంలో కొత్త ఉద్యోగం దొరికింది, నాకు కొత్త తలనొప్పి దొరికింది.

ఆవిడకి డెబ్బై ఏళ్లు. పొట్టి మనిషి, ఉంగరాలు తిప్పిన జుట్టు, పూల పూల వదులు పైజామా. భుజాన బియ్యపు సంచి ఒకటి వేలాడుతూ ఉంటుంది. అందులో టార్చిలైటు, చేతిలో పట్టే అద్దం, పొట్టి గునపం, మోకాళ్లకి కట్టుకునే పాత బొంత ముక్కలు, పన్నెండు మూరల నూలు గుడ్డ. భర్త ఛున్‌బోక్ ఈ లోయలో నేలలు వేసే మేస్త్రీ. పందొమ్మిదో ఏట కాపురానికి వచ్చిన నెలకే ఆయన ఈవిడ చేత మట్టి తొక్కించాడట. మనిషి చిన్నది కాబట్టి పొగ కాలవల్లో దూరి మసి తీసే పని కూడా ఈవిడదే. పెళ్లికూతురి ముఖం చూడడానికి వచ్చిన అత్తవైపు బంధువులకి మసి ముఖం చూపించానని ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. బాయిలర్లు వచ్చి పని పోయింది, పదిహేనేళ్ల కింద ఛున్‌బోక్ పోయాడు, పని మాత్రం ఈవిడ చేతుల్లోనే ఉండిపోయింది.

ఆవిడ తీర్పులు మూడే మూడు. పడుకోవచ్చు, కూర్చోవచ్చు, వద్దు. అంతకు మించి ఒక్క ముక్క రాదు. నేను బతిమాలినా రాదు, మిఠాయి పొట్లం పట్టుకెళ్లినా రాదు.

ఆవిడ దగ్గర నాకు నచ్చని అలవాటు ఇంకొకటుంది. మా దగ్గర ఇంటికి ఎవరొచ్చినా పొయ్యికి దగ్గరగా, అన్నిటికన్నా వెచ్చని చోట కూర్చోబెడతాం. అక్కడ పరుపు మడత తీసి, మోకాళ్ల మీద దుప్పటి కప్పి, చేతిలో మొక్కజొన్న టీ పెడతాం. ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లకైనా అదే మర్యాద. వాళ్లు అక్కడే కూర్చుని, అక్కడే కరిగిపోయి, అక్కడే సరే అంటారు. ఆ మర్యాదే నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది. ఈవిడ మాత్రం చెప్పులు విప్పగానే, ఎవరు రమ్మంటున్నా వినకుండా, నేరుగా పొయ్యికి అన్నిటికన్నా దూరంగా ఉన్న మూలకి పోయి గోడకేసి తిరిగి కూర్చుంటుంది. అలా కూర్చుంటే ఇంటివాళ్లకి అవమానంగా ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా వినదు.

రెండేళ్ల కింద, శరదృతువు చివర్లో, తోల్‌గోల్ లోయలో ఒమ్ గన్నాన్ అనే ఆవిడ ఇల్లు అమ్మకానికి వచ్చింది. గన్నాన్ గారికి డెబ్బై మూడు. పిల్లలు లేరు. భర్త పోయి తొమ్మిదేళ్లు. ఈ లోకంలో ఆవిడకి మిగిలింది సొక్‌చోలో సముద్రం పక్కన ఉంటున్న అక్క ఒక్కతే. ఆ అక్క పక్క వాటాలో గది ఖాళీ అయింది. ఆ వాటాల యజమాని నెలాఖరు దాకా ఆపుతానన్నాడు, ఆ తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తాడు. ఇల్లు అమ్ముడైతేనే ఆవిడ ఆ గదిలోకి పోగలదు. అప్పటికే ఇద్దరు వచ్చి, దారి ఇరుకని ఒకరు, సెల్ అందట్లేదని ఒకరు వెళ్లిపోయారు. గన్నాన్ గారు గిన్నెలన్నీ గడ్డిలో చుట్టి పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని నా కారు కోసం చూసేది. నాకు ఆ ముఖం చూస్తే జాలేసేది, నిజం చెబుతున్నాను.

మూడోసారి నేను తీసుకెళ్లిన మనిషి పాన్ హేసుక్. యాభై నాలుగేళ్లావిడ. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గంగాళాలు ఎత్తి ఎత్తి నడుము పోగొట్టుకుంది. వెచ్చటి నేల మీద పడుకుంటే తప్ప నిద్ర పట్టదట. దారి ఇరుకైనా పర్లేదు, సెల్ రాకపోతే మరీ మంచిది, నేల మాత్రం సున్‌రే గారు చూడాలి అంది. పిన్ని పేరు హేసుక్ ఉండే వొంజు పట్నం దాకా ఎలా పాకిందో నాకు తెలియదు.

వెళ్లే దారిలో కారులో పిన్నికి అన్నీ చెప్పాను. సొక్‌చో గది, నెలాఖరు, అన్నీ. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి, కాస్త చూసీ చూడనట్టు చూడమని అడిగాను. ఆవిడ కిటికీలోంచి ఎండబెట్టిన ముల్లంగి ఆకుల్ని లెక్కపెడుతూ కూర్చుంది.

గన్నాన్ గారు తెల్లవారుజామునుంచే మంట పెట్టి ఉంచింది. ఆ ఇంటికి రెండు గదులు వరసగా, మధ్యలో సగం గోడ, ఒక తలుపు. వంటింటికి ఆనుకుని ఇవతలి గది, దాని వెనక అవతలి గది. ఒకే పొయ్యి, ఒకే మంట, కాలవలు మాత్రం రెండు గదుల కిందుగా పోతాయి. మా వైపు అన్ని ఇళ్లూ అలానే. ఇవతల పెద్దవాళ్లు, అవతల కొడుకూ కోడలూ. ఇప్పుడు పెద్దవాళ్లు లేరు కాబట్టి ఇవతలి గదిలో ఉడికించి దంచిన సోయా గింజల ముద్దలు పులియడానికి వరసగా పరిచి ఉన్నాయి. గన్నాన్ గారు మాత్రం ఇంకా అవతలి గదిలోనే, కరెంటు దుప్పటి వేసుకుని పడుకుంటుందట. అంటే ఆ ఇంట్లో ఆవిడకన్నా సోయా ముద్దలకే మంచి పడక దొరికిందన్నమాట.

హేసుక్‌ని వెచ్చని చోట కూర్చోబెట్టగానే కళ్లు మూతలు పడ్డాయి. అబ్బ, నా నడుము ఇక్కడే వదిలేసి పోతాను అంది. నేను సంచిలో కాయితాలు తడుముకున్నాను. అప్పటికే సున్‌రే పిన్ని సోయా ముద్దల మీదుగా దాటుకుంటూ అవతలి గదిలోకి పోయి మూల కూర్చుంది. కాసేపు కాదు, నా టీ చల్లారి, మళ్లీ పోయించుకుని అదీ చల్లారేదాకా కూర్చుంది.

బయటికి వచ్చి అడిగింది, ఈ గది ఎప్పుడూ ఇంతేనా అని. గన్నాన్ గారు ఆశ్చర్యంగా చూసింది. "అవతలి గది అవతలి గదే కదమ్మా. కాస్త చల్లగా ఉంటుంది. కొనుక్కునేవాళ్లు ఇవతల పడుకుంటారులే."

హేసుక్ కళ్లు తెరిచి, తను అవతలి గదిలోనే పడుకుంటానని చెప్పింది. దాని కిటికీ వాగు వైపు ఉందని, ఇల్లు నచ్చిందే అందుకని. నేను లోపల్లోపల తిట్టుకున్నాను.

సున్‌రే పిన్ని సంచిలోంచి నూలు గుడ్డ తీసింది. బావి దగ్గర తడిపి, పిండి, ఇవతలి గది పొయ్యి గోడ నుంచి అవతలి గది చివర దాకా నేల మీద పొడుగ్గా పరిచింది. నేను ఈ తంతు చాలాసార్లు చూశాను. గుడ్డ ఎక్కడ ఎంత వేగంగా ఆరుతుందో చూసి కింద మంట ఎలా పోతోందో చెబుతుంది. మామూలుగా పొయ్యి దగ్గర తొందరగా, దూరం పోయేకొద్దీ నెమ్మదిగా ఆరుతుంది. మేమంతా గుడ్డకి రెండు వైపులా కూర్చుని, నీళ్ల మడుగులో చేపల్ని చూస్తున్నట్టు చూశాం. పొయ్యి దగ్గర ఆవిరి లేచింది. ఒక మూర ఆరింది, రెండు మూరలు ఆరాయి, ఆరుతూ ఆరుతూ మధ్య గోడ దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. గోడకి ఇవతల ఎండు గుడ్డ, అవతల అప్పుడే బావిలోంచి తీసిన గుడ్డ. మధ్యలో తడి పొడి అంటూ ఏమీ లేదు.

"ఇది దూరం వల్ల వచ్చిన చలి కాదు," అంది పిన్ని. మామూలుగా ఇంత మాట కూడా చెప్పదు కాబట్టి నేను తలెత్తి చూశాను. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. పొడుపు కథ విన్న పిల్ల. ఆ క్షణంలో సొక్‌చో గదీ, నా బేరం, హేసుక్ నడుమూ ఏవీ ఆవిడకి గుర్తు లేవని నాకు అర్థమైంది.

లేచి ఇంటి చుట్టూ తిరిగింది. నేను వెనకాలే నడిచాను, ఎందుకంటే ఇప్పుడు నాకూ తెలుసుకోవాలనే ఉంది. వెనక గోడ దగ్గర ఆగి పొగగొట్టాన్ని చూపించింది. ఏం కనిపిస్తోంది అని నన్ను అడిగింది. పొగగొట్టం కనిపిస్తోందన్నాను. "ఇరవై ఆరేళ్లు ఇళ్లు అమ్మావు, పొగగొట్టం ఎక్కడుండాలో తెలియదు నీకు," అంది. అప్పుడు చూశాను. అది ఇంటి చివర లేదు, నడిమధ్యన, ఇవతలి గది అయిపోయే చోట ఉంది. రెండు గదుల ఇంటికి పొగగొట్టం రెండో గది చివర కదా ఉండాలి. ఇల్లు కట్టినవాడు తాగి కట్టాడేమో అన్నాను. పిన్ని ఇంటి చివరికి పోయింది. అక్కడ గన్నాన్ గారి జాడీలన్నీ వరసగా ఒక రాతి తిన్నె మీద ఉన్నాయి. రెండు జాడీలు పక్కకి జరిపింది. తిన్నె మధ్యలో గుండ్రంగా, మట్టితో పూడ్చిన గుంట. వేలు తడిచేసి గుంటలో రాసి, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది. మసి వాసన.

ఒకప్పుడు పొగగొట్టం అక్కడే ఉండేదన్నమాట. ఎవరో దాన్ని అక్కడినుంచి తీసేసి ఇంటి మధ్యకి తెచ్చారు. ఎందుకు తెచ్చారో తెలియాలంటే మధ్య గోడ దగ్గర ఒక బండ ఎత్తాలంది పిన్ని.

నేను ఒప్పుకోలేదు. నూనె కాయితం చిరుగుతుంది, నేల తవ్విన ఇల్లు ఎవరు కొంటారు, నెలాఖరు ముంచుకొస్తోంది అని గన్నాన్ గారికి చెప్పి చూశాను. ఆవిడ హేసుక్ వైపు చూసింది. "ఎత్తండి. ఆవిడ కొనుక్కున్నాక ఏదైనా బయటపడితే సొక్‌చోలో నాకు నిద్ర పట్టదు," అంది. హేసుక్ ఆవిడ చేయి పట్టుకుంది. నేను కాయితాలు మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

బండలు చల్లారాలి కాబట్టి ఆ రాత్రి మంట పెట్టవద్దని చెప్పి, మర్నాడు పొద్దున్నే వెళ్లాం. పిన్ని కాయితాన్ని కత్తితో నీటుగా కోసి, మట్టి గీకి, గునపంతో బండ అంచు లేపింది. నేనూ ఓ చేయి వేశాను. టార్చి వేసి చూస్తే మూడు పొగ కాలవలు మధ్య గోడ దాకా వచ్చి ఉన్నాయి. మూడింటి నోళ్లలోనూ మూడు రాళ్లు నిలబెట్టి, చుట్టూ మట్టి మెత్తి ఉంది. ఊడిపడిన రాళ్లు కావు. ఎవరో కావాలని, శ్రద్ధగా పెట్టినవి. అటువైపు కాలవల్లో మసి పాతది, బూడిదరంగు తిరిగినది. ఇటువైపు నల్లగా నిగనిగలాడుతోంది.

నేను గట్టిగా నవ్వేశాను. దొంగ దొరికినట్టు అనిపించింది. అదిగో పిన్నీ నీ చలి అన్నాను. పిన్ని నవ్వలేదు. బోర్లా పడుకుని, తల గోతిలో పెట్టి, మధ్య రాయి చుట్టూ ఉన్న మట్టి మీద టార్చి వేసి అలా ఉండిపోయింది. ఆ మట్టి వేడికి కాలి ఇటుకలా గట్టిపడింది. మెత్తినవాడి చేతి గుర్తులు నిన్న పెట్టినంత స్పష్టంగా ఉన్నాయి. నాలుగు వేళ్ల గీతలు, అందులో ఒకటి పొట్టిది. ఉంగరం వేలు సగం లేని మనిషి చేయి. దాని పక్కనే, రాయిని అవతలినుంచి పట్టుకున్నట్టు, చిన్న అరచేయి ముద్ర ఇంకొకటి.

ఛున్‌బోక్‌కి ఉంగరం వేలు సగం లేదని ఈ లోయలో అందరికీ తెలుసు.

పిన్ని లేచి నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. పైకప్పు అప్పుడు గడ్డిది, ఇప్పుడు రేకులది, అందుకే ఇల్లు పోల్చుకోలేకపోయానంది. నాకు విషయం కొంత అర్థమైంది, కానీ అంత పెద్ద విషయంలా అనిపించలేదు. రాళ్లు తీసేసి, ఏవో ఊడిపడ్డాయని చెబితే ఎవరికీ నష్టం లేదు, బేరం ఈరోజే అయిపోతుందన్నాను. యాభై ఏళ్ల కింది సంగతి ఎవరికి కావాలి అని కూడా అన్నాను.

"ఆవిడకి కావాలి," అంది పిన్ని. "నువ్వు నోరు మూసుకుని నా పక్కన కూర్చో చాలు. ఒక్కదాన్నే చెప్పలేను."

ఇవతలి గదిలో కూర్చుని చెప్పింది. అప్పటికి పిన్నికి పెళ్లయి కొన్ని నెలలే అయిందట. ఆ రోజుల్లో కొండమీద చెట్టు కొడితే నేరం. అడవి గార్డులు వంటిళ్లలోకి వచ్చి పచ్చి కొమ్మ కనిపిస్తే మనిషిని పట్టుకుపోయేవాళ్లు. కట్టెలకి అంత కరువు. గన్నాన్ గారి మామగారు మంచులో నడిచి వచ్చి ఛున్‌బోక్‌ని పిలిచాడు. ఇంట్లో భార్యకి ఊపిరితిత్తుల జబ్బు, కొడుకు సైన్యంలో ఉన్నాడు, అవతలి గది ఖాళీ. బంగాళదుంపలు పెట్టుకునే గదికి మంట ఎందుకు, వేడంతా ఇవతలే నిలిచేలా చేయమన్నాడు. ఛున్‌బోక్ కాలవలు మూసి, పొగగొట్టాన్ని మధ్యకి మార్చాడు. రాళ్లు అందించింది, పట్టుకుని నిలబెట్టింది పిన్ని. కొడుక్కి పెళ్లి కుదిరితే కబురు చేస్తాను, వచ్చి తీసేయండి అన్నాడట పెద్దాయన.

గన్నాన్ గారు తల ఊపుతూ వింటోంది. తనకి ఆ మరుసటి వసంతంలో పెళ్లయిందని, మామగారు ఆ ఎండాకాలమే పక్షవాతం వచ్చి హఠాత్తుగా పోయాడని చెప్పింది. పాపం, కబురు చేయడం మర్చిపోయి ఉంటాడు, అంత మంచి మనిషి, అంది.

పిన్ని ఇక్కడ ఆగింది. నేను ఆవిడ మోచేతిని పొడిచాను, ఇక చాలు అన్నట్టు. ఆగడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చచ్చిపోయినవాడి మీద పోతుంది, ఎవరికీ బాధ లేదు.

"మర్చిపోలేదక్కా," అంది పిన్ని. "కబురు చేశాడు. తనే వచ్చాడు. ఛున్‌బోక్ పనిమీద బొగ్గు గనుల వైపు వెళ్లాడు. నేను గుమ్మంలో మట్టి తొక్కుతున్నాను. మావాడి పెళ్లి కుదిరింది, మీ ఆయన రాగానే చెప్పమ్మా, చలికాలం లోపు వచ్చి రాళ్లు తీసేయమను అన్నాడు. చెబుతానన్నాను. ఆయన పది రోజులకి వచ్చాడు. రాగానే బొగ్గు గనుల దగ్గర నూరు గదుల పని ఉంది, మూటలు కట్టు అన్నాడు. మూడేళ్లు అక్కడే ఉన్నాం. నేను చెప్పలేదు. నిన్న ఈ గుడ్డ ఆగిపోయినప్పుడు కూడా గుర్తు రాలేదు."

గన్నాన్ గారు సోయా ముద్ద ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి మళ్లీ అక్కడే పెట్టింది. తర్వాత మాట్లాడింది, పిన్నితో కాదు, ముద్దలతో మాట్లాడుతున్నట్టు.

"మా అత్త అనేది, రెండు గదులకీ ఒకే మంట, నాకు చెమటలు పడుతుంటే నీకు చలేమిటే అని. కబురు వెళ్లింది, తీసేసి ఉంటారు అనుకుంది కాబోలు, పక్క మీదనుంచి లేచేది కాదుగా. నీ ఒంట్లోనే చలి ఉంది, అందుకే కడుపు పండట్లేదు అనేది. వైద్యుడూ అదే అన్నాడు. పదకొండేళ్లు చేదాకు కషాయం తాగాను. కడుపు మీద మాచిపత్రి ఉండలు పెట్టి కాల్చారు, మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మా ఆయన రాత్రిళ్లు నా పాదాలు తన పొట్టకి ఆనించుకుని పడుకునేవాడు. ఆయనకీ చలే. ఆయన పాదాలు ఎవరు పట్టుకున్నారు?"

పిన్ని తల వంచుకుని కూర్చుంది. క్షమించమని అడగలేదు. అడిగితే గన్నాన్ గారు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది కదా, ఆ బరువు కూడా ఆవిడ మీద పెట్టదల్చుకోలేదేమో. హేసుక్ ఏడుస్తోంది.

చివరికి గన్నాన్ గారే, రాళ్లు తీసేయమంది. పిన్ని గోతిలోకి దిగి ఒక్కొక్క రాయీ ఊడదీసింది. నేను సాయం చేయబోతే ఒప్పుకోలేదు. మట్టి తడిపి, బండ మళ్లీ వేసి, చివర తిన్నెమీద గుంట తవ్వి నేను సంతవీధికి పోయి తెచ్చిన రేకు గొట్టం నిలబెట్టాం. మధ్య పొగగొట్టాన్ని తడి గోనెసంచులతో మూశాం. మధ్యాహ్నం దాటాక గన్నాన్ గారు మంట పెట్టింది. మొదట్లో పొగ వెనక్కి తన్ని అందరం దగ్గాం. తర్వాత ఎక్కడో లోపల గొంతు తెరుచుకున్నట్టు మంట ఒక్కసారి అటువైపు వంగింది. ఇంటి చివర రేకు గొట్టంలోంచి పొగ లేచింది.

గుడ్డ మళ్లీ పరిచాం. మధ్య గోడ దాకా ఆరి, ఒక్క క్షణం ఆగినట్టనిపించి, గోడ దాటింది. అవతలి గదిలో సన్నగా ఆవిరి లేవడం చూసి నా ఒళ్లు జలదరించింది. నేను బేరాల మనిషిని, నాకే అలా అయితే ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో నాకు తెలియదు. గన్నాన్ గారు గుమ్మంలో నిలబడి మేజోళ్లు విప్పింది. ఆ గదిలో మేజోళ్లు విప్పడం ఇదే మొదటిసారట. లోపలికి వెళ్లి, మొదట నిలబడింది, తర్వాత కూర్చుంది, తర్వాత మేం ఉన్నామన్న సిగ్గు కూడా లేకుండా నేల మీద పక్కకి తిరిగి పడుకుంది. చెంప కూడా నేలకి ఆనించింది.

పిన్ని గుమ్మంలోంచే తీర్పు చెప్పింది. పడుకోవచ్చు అంది.

గన్నాన్ గారు లేవకుండానే నన్ను పిలిచింది. "బ్రోకర్ గారూ, కాయితాలు వసంతంలో తీసుకురండి. ఈ చలికాలం నేను ఎక్కడికీ పోను."

సొక్‌చో గది పోతుందని గుర్తు చేశాను. పోనీ అంది. నాకు కోపం వచ్చింది, దాచను. రెండు రోజులు పెట్రోలు పోసుకుని తిరిగింది ఇందుకా అనిపించింది. హేసుక్ మాత్రం సోయా ముద్దలు పక్కకి జరిపితే ఇవతలి గదిలో తనకి చోటు సరిపోతుందని, వసంతం దాకా ఇద్దరం ఉందామని అప్పటికప్పుడు అడిగేసింది. ఆ రాత్రే ఉండిపోయింది. సొక్‌చో అక్క ఫోనులో నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివరికి తనే బస్సెక్కి వచ్చి, పచ్చళ్లు పెట్టి, కొత్త సంవత్సరం దాకా ఆ వెచ్చటి అవతలి గదిలో చెల్లెలి పక్కన పడుకుని వెళ్లింది.

గన్నాన్ గారు పిన్నిని క్షమించిందా అంటే నాకు తెలియదు. మట్టి ఆరిందో లేదో చూడడానికి పిన్ని రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ మొక్కజొన్న టీ ఇచ్చింది. మాట్లాడింది మాత్రం నేల గురించే.

ఆ వారం చివర, నేను ఇంకా షట్టరు ఎత్తకముందే పిన్ని నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో బడిపిల్లల నోటుబుక్కు. ఛున్‌బోక్‌తో కలిసి ఈ లోయలో నేలలు వేసిన ఇళ్లు, మూసిన కాలవలు, గుర్తున్నంతవరకు రాసుకుంది. కట్టెల కరువు రోజుల్లో అలా మూయించుకున్న ఇల్లు ఇదొక్కటే కాదట. ఎన్నింటికి మళ్లీ వెళ్లి తీశారో, ఎన్నింటికి తీయలేదో గుర్తు లేదంది. నాకు కారుంది, నాకు దారులు తెలుసు, అందుకని వచ్చింది. అవేవీ అమ్మకానికి లేవు, నేనెందుకు రావాలి అన్నాను. ఆవిడ కారు దగ్గరికి పోయి నిలబడింది. ఎందుకో తెలియదు, నేను తాళాలు తీశాను.

మొదటి ఇల్లు వాగు పైన, మొక్కజొన్న చేను దాటాక ఉంది. అరుగు మీద ఎనభై దాటిన ముసలావిడ బొబ్బర్లు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టి, బ్రోకర్ని చూసి కంగారు పడింది. ఇల్లు ఎవరు కొంటున్నారు, నా కొడుకు నాకు చెప్పకుండా బేరం పెట్టాడా అని అడిగింది.

సున్‌రే పిన్ని చెప్పులు విప్పి అరుగెక్కి ఆవిడ పక్కన కూర్చుంది.

"ఎవరూ కొనడం లేదక్కా. అవతలి గదిలో ఎవరు పడుకునేవారు?"